నిమ్మగడ్డి నూనె ఎవరు తాగారంటే

నా పేరు, తండ్రి పేరు పైన రాసుకున్నారు. వయసు యాభై మూడు. బీఎస్సీ చదివాను. నీటి మీటర్ల ఫ్యాక్టరీలో, తనిఖీ విభాగంలో ఉద్యోగం. ఫిర్యాదు చేసిన ఇంటి ఓనరుది కింది వాటా. పైవాటాలో నేను అద్దెకుంటున్నాను. ఒక్కణ్ణే. నా భార్య మొన్న వేసవిలో పోయింది.

మేడ మీద సగానికి కోసిన డ్రమ్ముల్లో ఆవిడ నిమ్మగడ్డి పెంచింది. ఆస్పత్రిలో ఫినాయిల్ కంపు భరించలేకపోయేది. "ఇంటికెళ్లాక మన గడ్డితో నూనె తీద్దామండీ" అనేది. ఇంటికి రాలేదు.

అందుకే మేడ మీదే పరికరం కట్టాను. పెద్ద కుక్కర్ అడుగున నీళ్లు, పైన జల్లెడ మీద గడ్డి. విజిల్ తీసేసిన చోట గొట్టం. అది ఐసునీళ్ల బకెట్లో చుట్లు తిరిగి సీసాలోకి దిగుతుంది. ఆవిరి నూనెను మోసుకొస్తుంది. చల్లబడ్డాక నూనె నీళ్ల మీద తేలుతుంది. మొదటిసారి రబ్బరు గొట్టం పెట్టాను. కాలిన టైరు కంపు. పారబోశాను. తర్వాత వెల్డింగ్ పని చేసే మా బావమరిది రాగి గొట్టం అతికించాడు. మూత సందుల్లో మైదా ముద్ద పెట్టి, ఉత్త నీళ్లు మరిగించి చూశాం. ఎక్కడా కారలేదు.

ఫిర్యాదులో ఉన్న "బట్టీ" అన్న మాట అతనిదే. ఆదివారం ఉదయం మెట్ల మీంచే అరిచాడు: "బావా, బట్టీ ఎక్కించావా? మొదటి చుక్క నాకే!" వాళ్లక్కతోనూ అలాగే పరాచికాలాడేవాడు. ఓనరు విన్నారు.

ఉన్న గడ్డంతా కోసి ఎక్కించాను. రెండు చెంచాల నూనె తేలింది. లేత పసుపు. పొయ్యి ఆర్పి, దాన్ని వేరుచేయడానికి చిన్న సీసా కోసం ఇద్దరం కిందికి దిగాం. తిరిగొచ్చేసరికి ఓనరు సీసా ఎత్తి తాగుతున్నారు. గుటక వినపడింది.

"ఏంటి సార్, మీరూ మీరే లాగించేద్దామనా?" అన్నారు మూతి తుడుచుకుంటూ. "సరుకు ఘాటుగానే ఉంది."

తర్వాత డ్రమ్ము అంచు పట్టుకుని అందులోనే కక్కారు. సీసా వాసన చూసి మళ్లీ కక్కారు.

"అది సారా కాదయ్యా, మా అక్క నూనె!" అని బావమరిది ఏడ్చాడు. నేను ఏడవలేదు. ఓనరు భార్య వచ్చి వాంతి మీద ఫినాయిల్ కుమ్మరించింది. డ్రమ్ముల్లో గడ్డి మోళ్ల మీద కూడా. "శుభ్రంగా ఉంటుందండీ" అంది.

ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లింది నేనే. దారంతా తేన్చారు. ఆ నూనె వాసన నాకు దక్కింది ఆ తేన్పుల్లోనే.

విషం పెట్టి చంపాలనుకున్నావా అని స్టేషన్లో అడిగారు. ఆయన్ని చంపే ఉద్దేశం నాకు లేదు. ఉన్నా, దానికి ఆ నూనె వాడేవాణ్ణి కాను.

రాసింది చదివి వినిపించారు. నూనె అని నేను చెప్పిన చోట "సరుకు" అని పడింది. కొట్టేసి, "నూనె" అని నా చేత్తో దిద్దాను. మిగతాది నేను చెప్పినట్టే ఉంది. నేను జరిగినట్టే చెప్పాను.

(సంతకం)