లంగరు ఎత్తు, మామయ్యా

సముద్రంలోని గాలిమరల కరెంటును నీటి అడుగు నుంచి ఒడ్డుకు తెచ్చే కేబుల్‌ని కనిపెట్టుకుని ఉండే గదిలో మేనకోడలు. ఇంట్లో, దుప్పటి కింద ఫోన్ పట్టుకుని మేనమామ.

“అబద్ధాలాడకు మామయ్యా. ముందు లంగరు ఎత్తు.”

“ఏ లంగరే? జ్వరంతో మంచం మీద ఉన్నాను. దగ్గనా, వింటావా?”

“నీ దగ్గు కాదు, నీ పడవ దగ్గు వింటున్నాను. మా కేబుల్ లోపల గాజు తీగ ఉంటుంది. పైన ఏం కదిలినా అది వణుకుతుంది, ఆ వణుకు నాకిక్కడ చప్పుడై వినిపిస్తుంది. టకటక, టకటక, ఒక ఎక్కిలి. అలా ఎక్కిళ్ళు పెట్టే ఇంజను ఈ తీరంలో నీదొక్కటే.”

“ఇంజన్ని ఏమీ అనకు. అది నా పెద్దకొడుకు.”

“నీ పెద్దకొడుకు లంగరు ఈడ్చుకుంటూ మా కేబుల్ మీదికి వస్తున్నాడు. తగిలిందంటే ఊరంతా చీకటి, ఆసుపత్రితో సహా. నీ లైసెన్సు కూడా పోతుంది. మామయ్యవని చూడను, రిపోర్టు రాసేస్తాను.”

“రాసుకో. నేను మంచం మీద ఉన్నానని కూడా రాయి. నిన్న వేసిన వల అక్కడే ఉండిపోయింది, తీసేవాడు లేడు. నా బాధ నాది.”

“మరి పడవ తాళం?”

“గోడకి... మేకుకి... ఉండు.”

“ఏమైంది?”

“మేకు ఉంది.”

“తాళం?”

“లేదు. దొంగలే. నా పడవ ఎత్తుకుపోయారే.”

“అత్తయ్యని అడుగు.”

“పొద్దున్నే బజారుకెళ్ళింది. అయినా దానికేం తెలుసు పడవ సంగతి? బకెట్లో నీళ్ళు ఊగినా కళ్ళు తిరుగుతాయంటుంది. పెళ్ళయినప్పటి నుంచి ఒక్కసారి కూడా పడవెక్కలేదు.”

“సరే, ఫోన్ పెట్టేయకు. పడవ రేడియోలో పిలుస్తాను, నువ్వూ విను. నోరు మాత్రం మెదపకు.”

“మెదపకుండా ఎలా? ఆ దొంగవెధవని—”

“మామయ్యా.”

“సరే, సరే.”

“ఎక్కిళ్ళ పడవలో ఎవరున్నా సరే, మీ పక్కనే కరెంటు కేబుల్ ఉంది. వెంటనే లంగరు ఎత్తండి. వినిపిస్తోందా?”

“పలకడం లేదా?”

“ష్... గొలుసు చప్పుడు. ఎత్తుతున్నారు. హమ్మయ్య, తగల్లేదు. మామయ్యా, దొంగెవరో గానీ పని తెలిసినవాడు. నీకంటే ఒడుపుగా ఎత్తాడు.”

“నాకంటేనా? ఆగు, రేడియోలో ఏదో గరగరమంటోంది.”

“ఎత్తేశాను తల్లీ, కోప్పడకు. వల బరువుకి పడవ జారింది, నిండా చేపలే. మీ మామయ్యకి మాత్రం చెప్పకు. నాకు పడవ నడపడం వచ్చని తెలిసిందంటే, ఇక జ్వరం తగ్గినా మంచం దిగడు.”