పొగ లేని మిల్లు

పొగ ఉన్ననాడు ఒక్కలన్న తొంగి జూసిన్రా సారూ? పొగ పోయినంక జీపేసుకొని వచ్చిన్రు. కూసోండ్రి. ఆ కుర్సీ కాదు, అది మా మామది. గీడ కూసోండ్రి.

సిద్దిపేటల మా మామ కాశీనాథం సేటు రైసు మిల్లంటే పొగ మిల్లనే పేరుండె. గీ గల్లీల ఎవ్వలు మిద్దె మీద వడియాలు పెట్టుకునేది లేదు. ఉతికిన బట్టల మీద మసి. తిట్టుడే తిట్టుడు. మా మామ ఇన్నడా? ఇన్లే. గల్ఫుల లడాయి అయ్యి డీజిల్ పిరమైంది, సర్కారోళ్లు సగం పైసలిస్తమన్నరు. అప్పుడు తెచ్చిండు గీ ఊక గ్యాసు మిషిను. ఊకను సగం కాల్చి గ్యాసు తీస్తది, ఆ గ్యాసుతోని ఇంజన్ నడుస్తది. పొగ పోయింది. గల్లీ అంత మెచ్చుకున్నది.

బిగించిన ఇంజినీరు మంచోడే. గీ గ్యాసు కంటికి కనవడదు, మనిషిని కూసున్నకాన్నే పడగొడ్తది, తలుపులు కిటికీలు బార్ల తెర్సి ఉంచాలె అని మామకు నా ముంగటనే చెప్పిపోయిండు.

ఆఁ? ఉండె సారూ, ఇంజన్ గదికి కిటికీ. ఎందుకుండదు? ఆ గోడ దిక్కు జూడుండ్రి, కొత్త ఇటుకలు కానొస్తలేవా?

మా అత్తమ్మ రాధాబాయికి చప్పుడు పడదు. కొత్త ఇల్లు గా గోడకు ఆనుకొనే కట్టుకున్నది. పగటిపూట నడుం వాల్చనీకి లేదని ఒక్క మాటన్నది. తెల్లారి మేస్త్రి వచ్చి కిటికీ పూడ్చిండు. మరి గీ అల్లుడు నాగేశం ఏం జేసిండంటరా? ఇటుకలందిచ్చిండు.

నవ్వకుండ్రి. ఇల్లరికం వచ్చినోని బతుకు మీకేమెర్క? కూరల ఉప్పు తక్కువున్నా బాగుందని తినాలె. ధూళిమిట్ట నుంచి ఒక్క సంచి పట్టుకొని వచ్చినోన్ని. గీ ఇంట్ల మొల కొట్టాలన్నా మామను అడగాలె. గోడ పలగ్గొడ్దమని ఎట్లంట?

పొగ ఉన్ననాడు దగ్గొస్తే పనోళ్లు బయటికి ఉరికేటోళ్లు. గీ గ్యాసుకు దగ్గు గూడ రాదాయె. నిప్పు లేంది పొగ రాదంటరు. పొగ లేకున్నా పానం పోతదనే సామెత ఏడన్న ఉన్నదా? ఇంజన్ చూసుకునే మల్లేశం రోజూ తల నొస్తుందనేటోడు. చాయ్ తాగి రాపో అనేటోన్ని. మొన్న బేస్తారం ఇంజన్ పక్కకే ఒరిగిపోయిండు.

దవాఖాన్ల కండ్లు తెర్సిండు. బతికిండు, గంతే చాలనుకున్న. దగ్గరికి పోతే, "మీరెవలు?" అన్నడు. ఆరేండ్ల సంది నాతోని పని జేసినోడు సారూ. పెండ్లాం లక్ష్మమ్మను గూడ గట్లనే అడుగుతుండట. ఆమె నా మొఖం దిక్కు జూసింది. నాకు భూమిల దిగిపోదామా అనిపిచ్చింది.

మామ పొద్దుగాలనే నాకు నేర్పిండు. ఫ్యాక్టరీల ఇన్స్పెక్టర్ వస్తడు, మల్లేశం కల్లు తాగి పన్లకొచ్చిండని చెప్పు అని. వాడు కల్లు ముట్టడు. గది నేనన్ననని రాయకుండ్రి. కిటికీ తెరవాలని మాత్రం మీరే హుకుం రాయుండ్రి. మీ హుకుమైతే మామ ఇంటడు. నా మాటైతే నన్నే ఎల్లగొడ్తడు.

ఏందీ? ఇంజినీరు చెప్పింది, కిటికీ పూడ్చింది, అంత నేనే చెప్పి సంతకం పెట్టాల్నా? పెట్టకపోతే మీ హుకుం నిలవదా?

ధూళిమిట్టల నా పాలు భూమి మా అన్నలు దున్నుకుంటున్రు. ఇద్దరు పిల్లలను పట్టుకొని ఏడికి పోవాలె సారూ? ముందు బాయి, ఎనుక గొయ్యి.

రాయుండ్రి. కల్లు తాగిండనే రాయుండ్రి. సంతకం ఏడ పెట్టాలె?

జల్ది కానియ్యుండ్రి, నేను మళ్ల లోపటికి పోవాలె. ఇంజన్ కాడ కూసోనీకి ఎవ్వలు వస్తలేరు, పొద్దటిసంది నేనే కూసుంటున్న. తలుపు తెర్సుకొనే కూసున్న, ఎంతైనా పానం తీపి గద. ఇందాక మామ వచ్చిండు. అత్తమ్మ పండుకున్నదని చెప్పి, బయటికెల్లి తలుపు మూసి పోయిండు.

నేనేం జేసిన్నా? మూసిన తలుపెనుక ఇంజన్ పక్కకే కూసున్న.