పెట్టెలో మందు

హలో… ఆ, ఆ, నేనే. మదురై ట్రంక్ కాల్ అడిగింది నేనే… దొరికిందా? ఇవ్వు చెల్లమ్మా, ఇవ్వు. గంట సేపుగా ఫోన్ పక్కనే కాచుకోని ఉండాను.

…

హలో. ఏరోడ్రోమ్ కార్గోనా?… కుమారసామి సార్, మీరేనా? నేను సార్, రాజపాళయం బుకింగ్ ఆపీసు జక్కమ్మ… లేదు సార్, కొత్త పార్సెల్ ఏమీ లేదు. పంపిందాని గురించే. మూడు గంటల మదరాసు విమానం… లోడింగ్ అయిపోయిందా?

— ఇంకా లేదా. సరి. సరి సార్.

పది గంటల బస్సులో మా పార్సెళ్ళు ఐదు వచ్చి ఉంటాయి. అందులో ఒక చెక్కపెట్టె, కొబ్బరితాడు కట్టింది. దాన్ని ఎక్కించొద్దు… అవును, మెడిసిన్ అని చీటీ అంటించి ఉండాది. ఆ చీటీ రాసింది నేనే. అది మెడిసిన్ కాదు సార్.

… మందే. మందే కానీ మెడిసిన్ కాదు.

… తమాషా చేయడం లేదు సార్. వెడిమందు. టపాసుల్లో దట్టించేది. రెండు కిలోలు, రేకుడబ్బాలో.

—

అరవకండి సార్.

… ముందు మనిషిని పంపండి. తిట్టేది తర్వాత తిట్టండి, నేను ఎక్కడికీ పోను… ఎవరిని? కరుప్పయ్య అన్ననా? వద్దు సార్, ఆయన నోట్లో బీడీ లేకుండా నేను చూసిందే లేదు… సరి, వేరే మనిషి లేకపోతే ఏం చేసేది. బీడీ, అగ్గిపెట్టె మీ టేబుల్ మీద పెట్టేసి పొమ్మనండి. పెట్టెను ఈడ్చొద్దు. మెల్లగా ఎత్తి, షెడ్డుకు దూరంగా, ఇసకలో పెట్టాల… ఆ. లైన్లోనే ఉంటాను.

…

చెల్లమ్మా, కట్ చేయొద్దు. మూడు నిమిషాలు అయితే ఇంకో మూడు వేసుకో… నీకంతా వినబడిందా? విన్నది నీలోనే పెట్టుకో తల్లీ.

… ఆ, సార్. పోయినాడా. సరి.

… ఎట్ల తెలిసిందంటే, పంపినాయనే చెప్పినాడు. సేత్తూరు పెరుమాళ్‌సామి. తిరునాళ్ళకు టపాసులు చేసేవాడంట. నాకేం తెలుసు సార్. పొద్దున వచ్చినప్పుడు నడుముకు తెల్ల వేష్టి, నుదుట విభూతి. పెట్టెలో ఏముండాదయ్యా అంటే, మందమ్మా అన్నాడు. ఎందుకంటే, మదరాసులో పరీక్షకు అన్నాడు. నేను వైద్యుడు అనుకున్నాను.

… చూసినాను. మూత తీసే చూసినాను. నల్లపొడి, గంధకం వాసన.

… అదే సార్, ఆ వాసనే నన్ను ముంచింది. చిన్నప్పుడు మాకు గజ్జి లేస్తే మా అవ్వ రాసింది గంధకమే కదా. ముక్కుకు తగలంగానే, ఆ, మందే అని నమ్మకం కుదిరింది. పొడి చూసి భస్మం అనుకున్నాను. ఎండ తగలనీయొద్దని చీటీలో రాసింది కూడా అందుకే.

… ఆ ఒక్కటీ మంచిదే. అవును.

… మీరు నేర్పింది మరిచిపోలేదు సార్. ట్రైనింగ్‌లో మూడు దినాలూ అదే చెప్పినారు. అందరికీ తమిళంలో చెప్పి, నా బల్ల దగ్గరికి వచ్చి మళ్ళీ మన మాటలో చెప్పినారు. "పేరు అడిగి నిలిచిపోవద్దు పాపా, అది ఏం చేస్తుందో అడుగు" అని. నేను పేరు దగ్గరే నిలిచిపోయినాను.

… ఎందుకంటే… అలిసిపోయినాను సార్. వేరే ఏమని చెప్పేది. ఎనిమిదికే మిల్లు రామసుబ్రహ్మణ్యం అయ్యవారు బ్యాటరీ యాసిడ్ పట్టుకోని వచ్చినారు. ఎక్కించలేమంటే, విమానం మీ నాయన బండి అనుకున్నావా అన్నారు. మా నాయనది ఎద్దుల బండి అయ్యా, అందులో అయితే ఎక్కించేదాన్నే అన్నాను… నవ్వకండి. ఆ తర్వాత సత్రపట్టి నుంచి స్పిరిట్ సీసాలు. ఆ తర్వాత ఇంకొకరు. కాదు, కుదరదు, రూల్ లేదు… నోరు ఎండిపోయింది. ఈయన వచ్చి మందు అన్నాడు. ఒక్కరికన్నా సరి అని చెప్పొచ్చు కదా అని ప్రాణం లేచి వచ్చింది.

… ఆయన మళ్ళీ వచ్చింది గొడుగు కోసం. మరిచిపోయి పోయినాడు. తీసుకోని, గడపలో నిలబడి అడిగినాడు, విమానంలో బీడీ తాగనిస్తారామ్మా, తాగేవాళ్ళ పక్కన నా పెట్టె ఉంచొద్దని చెప్పండి అని. మందుకూ బీడీకీ ఏమి సంబంధం?… అప్పుడు అడిగినాను సార్ ఆ రెండో ప్రశ్న. ఆ మందు ఏం చేస్తుంది అని.

"ఏం చేస్తుంది, పైకి పోయి పూస్తుంది" అన్నాడు.

—

… ఇక్కడే ఉండాడు, బెంచీ మీద. గొడుగు ఒళ్ళో పెట్టుకోని. నీళ్ళు ఇచ్చినాను, తాగలేదు. రేపటిలోగా ఆ సాంపిల్ మదరాసు చేరకపోతే టపాసుల లైసెన్సు పోతుందంట. లారీలో అయితే మూడు దినాలు పడుతుందని విమానం కోసం మన దగ్గరికి వచ్చినాడు.

… ఆ? తీసినాడా?… ఇసకలో. దూరంగా. సరి… సరి సార్.

… లేదు, ఏడవడం లేదు. ఇప్పటిదాకా నిలబడి ఉన్నాను, ఇప్పుడు కూర్చున్నాను. అంతే.

… రిపోర్టు రాయాల్సిందే కదా, రాయండి… అట్ల వద్దు… వద్దు సార్. పంపినవాడు దాచి పంపినాడని రాయొద్దు… వేలిముద్ర వేసినాడు, నిజమే. ఫారంలో ఉన్నది ఇంగ్లీషు, దాని కింద పడింది ఆయన వేలు. ఆ రెంటికీ నడుమ ఉన్నది నేను. ఆయన ఏం దాచినాడు? మందు అన్నాడు. పెట్టెలో మందే ఉండాది.

… నన్ను కాపాడాలనే అంటున్నారు. తెలుసు. కానీ అట్ల రాస్తే సేత్తూరుకు పోలీసు పోతాడు. లైసెన్సు సంగతి అటుంచండి, మనిషే మిగలడు.

… పార్సెళ్ళు బుక్ చేసే నా కార్డు పోతుంది. ఊఁ… ఆరు మాసాలా, లేక పూర్తిగానా?… సరి. సాయంత్రం బస్సులో వస్తుంది. మీకు కాల్ అడిగినప్పుడే కవర్లో పెట్టేసినాను.

… ఇంట్లో ఏమంటారు. మా అన్న నవ్వుతాడు. విమానం దిగినావా అంటాడు.

… ఒకటి అడగనా. మదరాసు పరీక్ష ఆపీసుకు ఒక తంతి పోతే బాగుంటుంది. సాంపిల్ దారిలో నిలిచింది, పంపినవాని తప్పు లేదు, గడువు ఇవ్వండి అని… మీరు వద్దు, మా ఆపీసు పేరుతో నేనే కొడతాను. మీ రిపోర్టు నంబరు చెప్పండి చాలు… ఇరవైమూడు బార్ అరవైరెండు. రాసుకున్నాను.

… కారణం గడిలోనా? నా పేరు రాయండి… పేరు చాలదా. ఏం చేసిందో కూడా రాయాలా.

— మీరు నేర్పినట్టే ఉండాది సార్.

… రాయండి. జక్కమ్మ మందును మెడిసిన్ అని రాసింది… ఇంగ్లీషులో పెడితే మెడిసిన్‌ను మెడిసిన్ అని రాసినట్టు అవుతుందా? అవుతుంది. అందుకే సార్, ఆ ఒక్క మాట మన అక్షరాల్లోనే ఉంచండి. ఇంగ్లీషులోకి మార్చినందుకే కదా ఇంత దూరం వచ్చింది.

హలో… సార్…

ఆ, చెల్లమ్మా… వద్దు, ఇంకో మూడు నిమిషాలు వద్దు. మాట్లాడేది అయిపోయింది. ఒక తంతి పంపాల, తపాలాపీసు ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది?… సరి. పెట్టేస్తాను. ఇక్కడ పెద్దాయన లేచి నిలబడినాడు…

కూర్చోండి మామా. మీ మందు ఇసకలో భద్రంగా ఉండాది.