మాట మార్చుకున్నవాళ్లకు మొదటి టీ

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

నా పేరు సుందరరాజు. మాది దొర్నిపాడు. మీలో చాలామందికి నేను తెలుసు, నా గొంతు తెలియదు. నిలబడి మాట్లాడటం నాకు చేతకాదు. అందుకే కాగితం మీద రాసుకొచ్చాను, చూసి చదువుతాను. మధ్యలో ఆగితే ఏడుస్తున్నానని అనుకోవద్దు. అక్షరం కనపడక ఆగానని అనుకోండి.

అమీర్ బాషా పోయాడు. ఆళ్లగడ్డ బజారులో ఈ పరుపుల అంగడి పెట్టిన మనిషి పోయాడు. నెలకో ఆదివారం మనందరినీ ఈ అమ్ముడుపోని పరుపుల మీద కూర్చోబెట్టి, చదువుతున్న పుస్తకం గురించి మాట్లాడించిన మనిషి పోయాడు. నంద్యాల నుంచి, గడివేముల నుంచి ఎండలో బస్సెక్కి వచ్చారు మీరు. ఎందుకు వచ్చారు? ఆయన మీకు చుట్టమా? పరుపు బాకీ ఉన్నారా? కాదు. ఆయన మిమ్మల్ని ఒక మాట అడిగాడు, మీరు చెబుతుంటే విన్నాడు. అంతే. అది చిన్న సంగతి కాదని నేను చెప్పక్కర్లేదు.

నేను ఈ అంగడికి మొదట వచ్చింది పుస్తకం కోసం కాదు. మా ఇంట్లో పాత పరుపు గడ్డలు కట్టింది, దూది ఏకించుకుందామని తెచ్చాను. ఆదివారం. లోపల ఐదారుగురు పరుపుల మీద కూర్చొని ఉన్నారు. బాషా ఒక్కొక్కరినే అడుగుతున్నాడు, "యాడుండావన్నా?" అని. ఒకాయన "నేనింకా రైల్లోనే ఉండాను" అన్నాడు. నంద్యాల ఉమామహేశ్వరమ్మ టీచరు, అదిగో ఆ అమ్మే, "నేను జైల్లో ఉన్నానప్పా, బయటికొచ్చేట్టు లేను" అంది. నాకు భయమేసింది. పరుపు ఆడనే పెట్టి పోదామనుకున్నాను. బాషా నవ్వి చెప్పాడు: "పుస్తకంలోనప్పా. చదువుతాండే పుస్తకంలో ఆయమ్మ జైలు దాకా వచ్చింది."

అదీ ఆయన పద్ధతి. పేజీ అంకె చెప్పకూడదు. కథలో ఎక్కడున్నావో ఆ చోటు చెప్పాలి. చదవడం అయిపోయిన పుస్తకం గురించి మాట్లాడకూడదు, చదువుతున్నదాని గురించే మాట్లాడాలి. "అయిపోయిన పుస్తకం మీద అందురూ జడ్జీలే. సగంలో ఉన్నప్పుడే మనిషి నిజం చెప్తాడు" అనేవాడు. ఇంకో కట్టుబాటు ఉంది. కథలో ముందు పోయినవాళ్లు వెనక ఉన్నవాళ్లకు ఏమీ చెప్పకూడదు. నోరు దురద పెట్టినా సరే.

బజారులో ఎంత ఎగతాళి చేశారు. "పరుపుల అంగట్లో పుస్తకాలంట. పడుకునేదానికి అన్నీ ఆడనే ఉండాయి" అన్నారు. బాషా వినేవాడు. "అవునన్నా, నిద్ర పట్టేది మీకు, నిద్ర పట్టంది మాకు" అనేవాడు. అంతకుమించి జవాబు చెప్పేవాడు కాదు. పెండ్లి పరుపు కొనడానికి వచ్చినవాళ్లను కూడా "ఉండప్పా, ఈయన మాట అయిపోనీ" అని ఆపేవాడు. బేరం పోయినా ఆపేవాడు.

ఇప్పుడు ఆదిశేషయ్యన్న సంగతి చెప్పాలి. ఆయన అనుమతి తీసుకున్నాను. ఆదిశేషయ్యన్నది నూనె అంగడి, మాట అంటే మాటే. ఒక నవల్లో తమ్ముడు అన్నను వదిలేసి ఇల్లు దాటి పోతాడు. శేషయ్యన్న అక్కడిదాకా చదివి వచ్చి, మనందరి ముందర మీసం పట్టుకొని చెప్పాడు: "ఇట్లాటోన్ని మల్లా ఇంట్లో కాలు పెట్టనీకూడదు. ఈ మాట నేను మార్చుకుంటే సగం మీసం తీయించుకుంటా."

ఆ తర్వాతి నెల ఆయన రాలేదు. దాని తర్వాతి నెలా రాలేదు. ఒంట్లో బాగలేదన్నారు. అంగట్లో మాత్రం నిక్షేపంగా నూనె పోస్తున్నాడు. సంగతి ఏమిటంటే, ఆయన పుస్తకం అంతా చదివాడు. తమ్ముడు ఎందుకు పోయాడో తెలిసింది. మనసు మారింది. నోరు ఎట్లా మారుతుంది? మన సీమలో మాట తప్పినవాడికి ఏ గతి పడుతుందో మీకు తెలుసు. పిల్లనిచ్చేటప్పుడు కూడా ముందు అడిగేది ఆ ఇంటి మాట నిలబడుతుందా అనే.

బాషా పోయాడు ఆయన దగ్గరికి. నూనె సీసా పట్టుకొని పోయాడు, ఇంట్లో నూనె ఉన్నా సరే. పోయి అన్న మాట శేషయ్యన్నే నాకు చెప్పాడు: "అన్నా, మీసం దేవుడిచ్చింది. అభిప్రాయం మనం పెట్టుకున్నది. పెట్టుకున్నది తీసేదానికి దేవుడిచ్చింది యాల తీస్తావ్?"

మరుసటి ఆదివారం శేషయ్యన్న వచ్చాడు. ఇక్కడే నిలబడ్డాడు. "ఆ తమ్మునిది తప్పు కాదు. నేనే తొందరపడినాను" అన్నాడు. నవ్వడానికి అందరూ నోళ్లు సర్దుకుంటున్నారు. బాషా టీ పోస్తున్నాడు. మొదటి గ్లాసు తీసుకుపోయి రెండు చేతులతో శేషయ్యన్నకు ఇచ్చాడు. "మాట మీద నిలబడేటోళ్లు మన ఊర్లల్లో శానామంది. మాట మార్చుకుంటి అని అందురి ముందర చెప్పేటోడు ఈరోజే దొరికినాడు. మొదటి టీ ఆయనది" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నుంచి అదే ఆచారం. చదువుతూ చదువుతూ మనసు మారిందని చెప్పినవాళ్లకు మొదటి టీ. ఆలోచించండి. ఎవరింట్లో ఉంది ఈ ఆచారం? ఏ పంచాయితీలో ఉంది? ఒక పరుపుల అంగట్లో ఉంది.

నా సంగతి ఒకటి చెప్పి అసలు దానికి వస్తాను.

నేను చదివింది ఐదో తరగతి. ఇన్నేళ్లూ ఇక్కడికొచ్చి, ఎక్కడున్నానో చెప్పి, టీ తాగి బస్సెక్కేవాణ్ని. ఎవరన్నా "నీ అభిప్రాయం చెప్పప్పా" అంటే బాషా అడ్డం వచ్చేవాడు. "రాజన్న యాడుండాడో చెప్పినాడు గదా. చాలు. బలవంతం చేసి పలికిస్తే అది మన మాట అయితాది, ఆయన మాట కాదు" అనేవాడు. నన్ను అట్లా వదిలేసింది ఆయన ఒక్కడే. వదిలేశాడు కాబట్టే ఒకరోజు నా అంతట నేనే నోరు తెరిచాను.

ఒక పుస్తకంలో రైతు సంతలో ఎద్దును అమ్ముతాడు. మెడలో పలుపుతాడుతో సహా ఇచ్చేస్తాడు. మనం ఇస్తామా? ఎద్దు పోయినా పలుపు ఇంటికి తెచ్చుకుంటాం. నాకు కోపమొచ్చింది. "ఈ రాసినాయనకు పల్లె తెలీదు. నేనింక దీన్ని చదవను" అన్నాను. బాషా అప్పటికే ఆ పుస్తకం చదివేశాడు. ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది. చెప్పలేదు. "సంతలోనే ఆగిపోతావా రాజన్నా? ఇంటిదాకన్నా నడువు" అన్నాడు.

నడిచాను. ఇంటికి పోతే ఆ రైతు భార్య వాకిట్లోనే అడుగుతుంది, పలుపు ఏదని. ఆయన ఆ వాకిట్లోనే కూలబడిపోతాడు. ఇంక ఆ ఇంట్లో ఎద్దు కట్టేది లేదని ఆమెకు అప్పుడు తెలుస్తుంది. రాసినాయన తెలిసే రాశాడు. తెలియంది నాకు. సగంలో కోపం తెచ్చుకొని పుస్తకం మూసిన రైతును నేను. ఆ నెల మొదటి టీ నాకొచ్చింది. చక్కెర ఎక్కువైంది. అయినా అంత మంచి టీ నేను తాగలేదు.

ఇప్పుడు అసలు సంగతి.

అమీర్ బాషా చివరి ఆదివారం ఏం చెప్పాడో మీకు గుర్తుందా? ఆయన చదువుతున్న నవల్లో కూతురు వానలో పుట్టింటికి వస్తుంది. తల్లి తలుపు తీయదు. "యాడుండావు బాషా?" అని టీచరమ్మ అడిగితే, "ఆ పిల్లతో పాటు వాకిట్లోనే ఉండానమ్మా, తడుస్తాండాను" అన్నాడు. "ఆ తల్లిది గుండె కాదు, రాయి. ఈ మాట నేను మార్చుకోను" అన్నాడు. ఎప్పుడూ అట్లా అననివాడు అన్నాడు. వారం తిరగకముందే గుండె ఆగి పోయాడు. ఆ తలుపు తెరుచుకుందో లేదో ఆయన చూడలేదు. మాట మార్చుకునేవాడో లేదో మనకు తెలియదు.

ఖబరస్తాన్‌లో ఆయనకు మట్టి ఇచ్చి వచ్చిన రోజు మనమంతా ఈ అంగడి ముందర నిలబడ్డాం. ఎవరో అన్నారు, ఆయన లేకుండా ఇంక ఈ కూర్చునేది ఎందుకు, ఆయనతోనే పోనిద్దాం, అదే మర్యాద అని. అందరూ అవునన్నారు. నేనూ తల ఊపాను. ఆయన బిడ్డ నిలోఫర్, ఇకమీదట ఈ అంగడి చూసుకునేది ఆ అమ్మే, "నాయన లేని ఆ మూల నేను చూడలేను, మీరు చెప్పినట్టే నిలిపేస్తా" అని అందరి ముందర మాట ఇచ్చింది. మనం కూర్చునే పరుపులకు గుడ్డ కప్పింది.

నిన్న నేను నిలోఫర్ దగ్గరికి వచ్చాను. ఆయన సగంలో వదిలిపోయిన ఆ పుస్తకం చదవడానికి ఇమ్మని అడిగాను. ఇచ్చింది. ఇస్తూ అంది: "మామా, గుడ్డ కప్పినాకే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. ఖాళీగా చూడలేననుకుంటి. మూసింది చూడలేకపోతాండా. కానీ ఊరందరి ముందర చెప్పేస్తి గదా. ఇప్పుడెట్ల మార్చేది?"

అమ్మా నిలోఫర్. ఎవరి అంగట్లో నిలబడి ఈ మాట అడుగుతున్నావు? ఈ ప్రశ్నకు మీ నాయన ఇన్నేళ్లుగా గ్లాసులో పోసి జవాబు ఇచ్చాడు కదా.

అయ్యా, అమ్మా, నేను నా మాట మార్చుకుంటున్నాను. ఆ రోజు తల ఊపాను. తప్పు. నిలిపేయడం మర్యాద కాదు. సగంలో పుస్తకం మూయడం అది. సంతలో ఆగిపోవడం అది. వచ్చే నెల ఆదివారం నేను వస్తాను. మీరు రండి, రాకపోండి. నిలోఫర్ తలుపు తీస్తే ఈ పరుపుల మీద కూర్చుంటాను. తీయలేనంటే తప్పు పట్టను, ఆమెకు కష్టం. అప్పుడు దొర్నిపాడులో మా పంచలో చాప వేస్తాను. శేషయ్యన్న ఒక్కడు వచ్చినా చాలు. ఆయనా రాకపోతే నన్ను నేనే అడుగుతాను, యాడుండావప్పా అని. జవాబు కూడా నేనే చెబుతాను. ఇది ఆగదు. నేను ఉన్నన్నాళ్లు ఆగనివ్వను.

ఎక్కడున్నానో ఇప్పుడే చెబుతాను. నిన్న రాత్రి మొదలుపెట్టాను. ఇంకా ఆ పిల్ల ఊరి పొలిమేరలోకి రాలేదు. ఆయన నిలబడిన వాకిలి దాకా నేను పోవాలి. దాటి పోవాలి. మనలో చదవగలిగినవాళ్లంతా పోవాలి. ఆ తల్లి రాయో కాదో తెలుసుకోవాలి. ఆయన తరఫున మాట మార్చుకోవాల్సి వస్తే మార్చుకోవాలి, నిలబెట్టాల్సి వస్తే నిలబెట్టాలి. ఆయనకు మనం చేయగలిగింది ఇదే అనుకుంటున్నాను.

మనం ఆ వాకిలి దాటితే ఆ ఒక్క పుస్తకంలో ఆయన మనకంటే వెనకబడతాడు. మిగతాదాంట్లో ముందు పోయాడు. ముందు పోయినవాళ్లు వెనక ఉన్నవాళ్లకు ఏమీ చెప్పరు. ఆయన పెట్టిన కట్టుబాటే. కాబట్టి అడగొద్దు. మన చదువు మనం చదువుకుంటూ పోదాం.

లోపల టీ కాగుతోంది, వాసన వస్తోంది. ఈరోజు మొదటి గ్లాసు నాకు రావాలి. చక్కెర తక్కువ వేయండి. నిలోఫర్ కూడా మాట మార్చుకుంటే ఆ గ్లాసు ఆ అమ్మకే ఇస్తాను, రెండు చేతులతో ఇస్తాను. ఆమె ఇప్పుడే చెప్పక్కర్లేదు. మీ నాయన నన్ను బలవంతం చేయలేదమ్మా, నేనూ చేయను. ఆ మూలన గుడ్డ నీ చేతికి అందేంత దూరంలో ఉంది.

అది తర్వాత. ముందు అందరం లేద్దాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు కూర్చునే ఉండండి, ఆయన ఏమీ అనుకోడు. చేతుల్లో పుస్తకం ఉన్నవాళ్లు మూయొద్దు. చదువుతున్న చోట వేలు పెట్టి పట్టుకోండి. తల వంచి, మాట లేకుండా, అమీర్ బాషా కోసం కాసేపు నిలబడదాం. లేవండి.