సొరుగులో ఉండిపోయిన కాగితం

సభాధ్యక్షులు హెడ్మాస్టరు టైటస్ గారికి, వేదిక మీది పెద్దలకు, పొద్దున్నే కొండలు దిగి వచ్చిన తేనె రైతులకు, ముందు వరుసలో కూర్చున్న క్రిస్టినమ్మ గారికి, ఈ రోజు మా తేనెటీగల కేంద్రం నుంచి రిటైరవుతున్న ఆవిడ భర్త, మన ఫీల్డుమ్యాన్ యేసుపాదం గారికి నమస్కారాలు. రెండు ముక్కలు మాట్లాడి కూర్చోమన్నారు. పదమూడేళ్ళు ఈయనకు ఆఫీసరుగా ఉన్నవాణ్ణి, నాకు రెండు ముక్కల్లో తేలదు.

ఉన్నమాట చెబుతాను, ఈయనంటే నాకు అసూయ. (నవ్వులు) నవ్వకండి, నిజమే. తొంభై మూడులో ఎమ్మెస్సీ పట్టా పట్టుకుని అరకు వచ్చాను. ఏ ఊళ్ళో జీపు దిగినా ఇదే వరస. అదిగో అక్కడ కూర్చున్న తేనె రైతు గాసి, వాళ్ళ ఊరెళ్ళినప్పుడల్లా నాకు దండం పెట్టి, నా భుజం మీదుగా జీపులోకి తొంగిచూసి, "యేసుపాదం బాబు రాలేదేటండి?" అనేవాడు. కొండవాలు చేలల్లో వలిసె పసుపుగా పూసినప్పుడు తీసిన మొదటి తేనె ఈయన ఇంటికి వెళ్ళేది. నాకూ వచ్చేది లెండి, రెండో సీసా. క్రిస్టినమ్మ గారూ, మీ అలమరలో ఆ సీసాలు చూసినప్పుడల్లా మీరిచ్చిన టీ నాకు సయించేది కాదు. (నవ్వులు)

తేనెటీగలకు నల్లి పట్టిన సంగతి మీకు తెలుసు. ఈగ ఒంటికి అంటుకుని, దాన్నీ దాని పిల్లల్నీ పీల్చేసే ఆవగింజంత ఎర్ర పురుగు. దానికి మందు పట్టీలు తెప్పించింది నేనే. ఈగలు పెంచే పెట్టెలో వేలాడదీస్తే నల్లి రాలిపోయింది, నా పేరు మోగిపోయింది. ఆరు వారాలకు పట్టీ తీసెయ్యాలని పొట్లం మీద రాసే ఉంది. జీపు వెళ్ళని ఊళ్ళకు రెండోసారి నడవడమెందుకని, "ఉండనివ్వండి, మంచిదే" అన్నాను. పట్టీలు ఏడాది పొడుగునా వేలాడాయి, మందు పలచబడింది. తట్టుకున్న నల్లి బతికింది, ఆ తట్టుకునే గుణం దాని పిల్లలకూ వచ్చింది.

ఇది కనిపెట్టింది నేను కాదు. రెండువేల ఒకటి వానల్లో ఈయన జాము సీసాలో గుప్పెడు ఈగల్నీ, కొత్త పట్టీ ముక్కనూ వేసి ఒక రోజు ఉంచి లెక్కపెట్టారు. నలభై నల్లుల్లో చచ్చినవి ఆరు. కాగితం మీద రాసి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "సార్, సావకుండా మిగిలినోటి పిల్లలు కూడా సావట్లేదండి. పట్టీలు బేగి తీయించేద్దాం. ఈగల మీద పంచదార పొడి జల్లి నల్లిని రాల్చుకుందాం" అన్నారు.

చదివాను. ఒక్క తప్పు లేదు. నేను చూడాల్సింది పదో తరగతి మనిషి చూశాడని ఒళ్ళు మండిపోయింది. చూస్తానని చెప్పి, సొరుగులో పెట్టి తాళం వేశాను.



ఆ ఏడు వలిసె పూసేసరికి గాసి పన్నెండు పెట్టెల్లో తొమ్మిది ఖాళీ అయ్యాయి. పట్టీ సరిగా కట్టలేదని ఊరందరి ముందూ గాసినే తిట్టాను. యేసుపాదం గారు పక్కనే ఉండి తల దించుకున్నారు. మరుసటేడు శాస్త్రవేత్తలు వచ్చి ఇదే మాట చెబితే, అప్పుడు తీయించాను పట్టీలు.

యేసుపాదం గారూ, ఇన్నేళ్ళూ నువ్వన్నాను, ఈ రోజు మీరంటాను. ఆ కాగితం ఊసు మీరెవరి దగ్గరా ఎత్తలేదు. ఎత్తుంటే మిమ్మల్ని తిట్టుకుని హాయిగా ఉండేవాణ్ణి. ఆ మంచితనం మీద కూడా నాకు అసూయే.

గాసీ, నువ్వు పట్టీ సరిగానే కట్టావు. నీ ఈగలు పోయింది నా వల్ల. ఇదిగో ఆ కాగితం. ఈయన నీకు చదివి వినిపిస్తారు, మైకు ఈయనకే ఇస్తున్నాను. ఇంతసేపు విన్నందుకు మీకందరికీ కృతజ్ఞతలు. ఇక నన్ను చూడకండి, ఆయన్ని చూడండి, ఎలాగూ మీకు అలవాటే. సెలవు.