మూడో వరుసలో బాకా

రేపే హైస్కూళ్ళ బ్యాండు పోటీ. వాయిద్యాల గదిలో మాస్టారూ, బాకా పట్టుకున్న తొమ్మిదో తరగతి పిల్లా ఇద్దరే ఉన్నామనుకుంటున్నారు పాపం, తలుపు మాత్రం ఓరగా తెరిచే ఉంది, మాటలన్నీ వరండాలోకి వినిపిస్తున్నాయి.

"ఏమ్మా, నీ బాకాలో నేను కుక్కిన గుడ్డ అలాగే ఉందా?"

"మాస్టారూ, రేపు ఒక్కరోజు నన్ను నిజంగా ఊదనివ్వండి."

"వద్దు తల్లీ! మొదట్లో నీ ఊదుడుకి ఎదురింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. వరుసకి ఆరుగురు ఉండాలి కాబట్టి నిన్ను నిలబెట్టాను. బుగ్గలు ఉబ్బించు, అడుగు తప్పకుండా నడువు, చాలు."

"మరి ఈ వారమంతా మూడో వరుస బాకా తేనెలా ఉందని మెచ్చుకున్నారుగా?"

"అది నీ పక్కన మా మేనల్లుడు! వాడు దారిలో పడ్డాడని మా అక్కకి కబురు కూడా చేశాను."

"అది నేనండీ. రెండు నెలలు ఇంట్లో దుప్పటి ముసుగేసుకుని సాధన చేశాను. సోమవారం గుడ్డ తీసేశాను."

"తీసి ఎక్కడ పెట్టావు?"

"మీ మేనల్లుడి బాకాలో."

"ఒసేయ్ గడుగ్గాయీ! వాడికి తెలియలేదా?"

"లేదండీ. ఆ మోత తనదే అనుకుంటున్నాడు. నిన్న నాకు మెళకువలు కూడా చెప్పాడు."

మాస్టారు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగి దగ్గారు.

"సరే, రేపు నువ్వే ఊదు."

"మరి అతనికి చెప్పొద్దా?"

"పోటీ అయ్యాక నేను చెబుతాలే. మా అక్క చెవిన మాత్రం ఈ జన్మలో వెయ్యకు."