పెచ్చు లేచేదాకా

సభకు అధ్యక్షత వహిస్తున్న సూపరింటెండెంటు గారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, వెనక గోడకు ఆనుకుని ఈ ముసలాడు ఎప్పుడు దిగుతాడా అని చూస్తున్న వర్క్‌షాపు మిత్రులకు నమస్కారం. నిజం చెప్పాలంటే ఈ కాగితం రాయకుండానే వద్దామనుకున్నాను. ఉద్యోగం నుంచి దిగిపోతున్నది మా బావ, ఆయన గురించి నాకు తెలియనిదేముంది, నోటికొచ్చిన నాలుగు ముక్కలు చెప్పేద్దాం అనుకున్నాను. తీరా నిన్న సాయంత్రం ఆయన ఒక సంగతి చెప్పాడు. ఇన్నేళ్లూ నాకు తెలిసింది తక్కువని తేలిపోయి, కూర్చుని రాయక తప్పలేదు.

బావ ఈ వర్క్‌షాపులో వడ్రంగిగా విరిగిన బెంచీలు, బిగుసుకుపోయిన కిటికీలు బాగుచేశాడు. అది జీతానికి చేసిన పని. పనికిరాదని పారేసిన చెక్కలతో మనుషుల్ని చేశాడు. అది ఎందుకు చేశాడో అడిగితే ఇప్పటికీ తల గోక్కుంటాడు. ఆ గోడ పొడవునా నిలబడ్డవాళ్లు వాళ్లే. బల్లకాళ్లే మోకాళ్లుగా కూర్చున్నది మన దర్జీ. తలుపు చెక్కలో ముడి ఉన్నచోట ఒంటికన్నుతో చూస్తున్నది మన వాచ్‌మన్. ఛాతీ స్థానంలో తాళం పడిన సొరుగు ఉన్న పెద్దమనిషి ఎవరో నేను చెప్పను, అధ్యక్షుల వారు నా వంక చూస్తున్నారు. (నవ్వులు)

ఈ పనిలో బావకు ఒక పట్టుదల ఉంది. చెక్కను కోస్తాడు, అతుకుతాడు, మేకు కొడతాడు, రంగు మాత్రం ముట్టుకోడు. ఎవరో ఎప్పుడో వేసిన రంగు, ఎండా వానా దాన్ని ఎంత మిగిల్చాయో అంతే ఉండాలి. పాత గుమ్మం మీద ఆకుపచ్చ కింద పసుపు, పసుపు కింద ఎరుపు కనిపిస్తే దాని ముందు గంటసేపు కూర్చుంటాడు. ఏం చూస్తున్నావు బావా అంటే, ఎవరో తెలిసినవాళ్లలా ఉన్నారు, గుర్తు రావడం లేదు అంటాడు.

ఇక మా వైపు సంగతి వినండి. మా నాన్న ఇళ్లకు రంగులేసేవాడు. అక్కా నేనూ ఆయన వెనక డబ్బాలు మోస్తూ పెరిగాం. నేను ఆ పని వదిలేసి కబుర్లలో పడ్డాను, అక్క వదల్లేదు. పెచ్చు లేచిన రంగు కంటపడితే ఆమె చెయ్యి ఊరుకోదు. ఒకసారి ఆసుపత్రిలో నన్ను చూడ్డానికొచ్చి, నన్ను వదిలేసి మంచం కోడు గీకుతూ కూర్చుంది. (నవ్వులు) అలాంటి మనిషిని ఇలాంటి మనిషికిచ్చి చేశారు మా పెద్దలు.

ఆ గోడ దగ్గర అందరూ ఉన్నారు, నేనూ ఉన్నాను, నాకు నోరు కాస్త పెద్దది పెట్టాడు. అక్క మాత్రం లేదు. మొదట్లో అందరికీ చెక్క దొరికింది, నాకే దొరకలేదట అని ఆమే వేళాకోళం చేసేది. పోయిన ఏడాది మా ఇంటికొచ్చినప్పుడు మాత్రం నవ్వకుండా అడిగింది.

“ఇన్నేళ్ల కాపురం రా. కళ్లు మూసుకుంటే ఆయనకి నా మొహం గుర్తొస్తుందంటావా?”

ఇంత నోరున్నవాణ్ణి, కాఫీ తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

నిన్న బావ సామాను సర్దడానికి సాయం వెళ్లాను. వర్క్‌షాపు షెడ్డు పడమటి చూరు కింద, తీగకు కట్టి, ఒక నీలం చెక్క వేలాడుతోంది. రోజూ చూసేదే. ఎందుకో నిన్న అడగాలనిపించింది.

పెళ్లైన కొత్తలో పారేసిన కిటికీ రెక్క ఒకటి దొరికిందట. పెచ్చులూడిన రంగుల్లో అచ్చం అక్క మొహం, వింటూనే విననట్టు పక్కకు తిరిగే ఆ చూపుతో సహా. ఇంటికి తెచ్చి గోడకు ఆనించి డ్యూటీకి వెళ్లాడు. సాయంత్రం వచ్చేసరికి అక్క దాన్ని గరుకు కాగితంతో శుభ్రంగా గీకి, లప్పం పెట్టి, నీలం రంగు రెండు పూతలు వేసి, చూడు కొత్తదానిలా చేశాను అని చూపించింది. ఈయన బాగుంది అన్నాడు.

“అంతేనా? చెప్పలేదా?” అన్నాను.

“చెబితే మళ్లీ బ్రష్షు పట్టుకునేదా?”

“మరి పారేయక ఇక్కడ కట్టావేం?”

“ఆ రంగు ఊడాక ఏం వస్తుందో చూద్దామని. నేను గీకితే అది నా చేతిపని అవుతుంది, దానంతటది ఊడాలి. మీ నాన్న నేర్పిన పనిరా, ఎండకి ఊడదు, వానకి ఊడదు. ఇంకెవరు వేసినా ఎప్పుడో అయిపోయేది.”

(నవ్వులు)

పోయిన వానల్లో ఒక మూల పెచ్చు లేచిందట. తరువాత మరో చోట. పాత మొహం వచ్చిందా అని అడిగాను. ఎలా వస్తుంది, దాన్ని మీ అక్క అప్పుడే గీకేసింది కదా అన్నాడు. చెక్కను వెలుతురు వైపు తిప్పి చూపించాడు.

“ఇది ఇప్పటి మొహం.”

అక్కకి నువ్వే చెప్పు, నాకు నలుగురిలో మాట రాదు అని కూడా అన్నాడు. అందుకే ఈ కాగితం. వరుస చివర, బావ రాత్రికి రాత్రే బిగించి గుడ్డ కప్పినదాన్ని చాలామంది ఇందాకటి నుంచి చూస్తున్నారు, మైకు స్టాండేమో అనుకుని ఉంటారు. దాని భుజాలు మా నాన్న నిచ్చెన మెట్లు. మిగతాది మీరే చూడండి.

చెక్క ముక్కల్ని చెత్త అని తగలబెట్టించని సూపరింటెండెంటు గారికి, ఇంతసేపు ఓపిక పట్టిన మీకందరికీ కృతజ్ఞతలు. బావా, గుడ్డ తియ్యి. అక్కా, ఇలా రా. నా మాటలకు ఇక సెలవు.

(బావ గుడ్డ తీశాడు. అక్క దగ్గరికి వెళ్లి చాలాసేపు చూసింది. చెంప దగ్గర నీలం పెచ్చు లేచిన చోట గోరు ఆనించింది. తరువాత ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుంది.)